కంట్లో బుడగ కరిగింది: నా పుస్తక మిత్రులకు కృతజ్ఞతలు

మొన్న పొద్దున కళ్ళు తెరిచేసరికి నా కుడికంట్లో బుడగ లేదు. ముందురోజు రాత్రి వరకూ ఆవగింజంత నల్లచుక్కలా చూపు అడుగున దొర్లుతూనే ఉంది. తల వంచితే మధ్యలోకి వచ్చేది, ఎత్తితే కిందికి జారేది. కంటి ఆపరేషన్‌లో డాక్టర్లు నింపిన వాయువు బుడగ అది, దాదాపు ఎనిమిది వారాలు నాతో పాటే తిని, నాతో పాటే పడుకున్న బుడగ. అది పోయిన సంగతి ముందుగా మీకే చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. కానీ గొంతు పూడుకుపోయి రెండు ముక్కల్లో ముగించాను. ఇవాళ కాస్త నిదానంగా, వరసగా చెప్పుకుంటాను. మన బుక్ క్లబ్ బయటివాళ్ళు కూడా చదవాలనే ఇలా అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఇదంతా మొదలైన ఆ రాత్రి, ఫోన్లో మనం దేని గురించి వాదించుకుంటున్నామో గుర్తుందా? ఫాంటసీలో మంత్రానికి లెక్క ఉండాలా, అక్కర్లేదా అని. మంత్రం వేసినవాడు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, లేకపోతే కథలో బిగువు ఉండదని సగం మంది. అన్నీ లెక్కకు దొరికితే అది యంత్రం అవుతుంది, మంత్రం ఎలా అవుతుందని నేనూ, నాతో ఇంకో నలుగురూ. మధ్యలో మాటవరసకు అన్నాను. రెండు రోజులుగా కుడికంటి మూల మెరుపులు కనిపిస్తున్నాయని, మసి నలుసుల్లాంటివి ఈదుతున్నాయని, సాయంత్రం నుంచి ఒక పక్క నల్లతెర దించినట్టుందని, నిద్ర చాలక కాబోలని. పడుకోమని ఇద్దరు ముగ్గురు అన్నారు. మన క్లబ్బు మాస్టారు మాత్రం వాదన అక్కడికక్కడే ఆపేశారు.

"తెర ఎటువైపు నుంచి వస్తోందమ్మా? సాయంత్రం కంటే పెరిగిందా?" అని అడిగారు. పెరిగిందన్నాను. "అయితే ఇది నిద్ర సంగతి కాదు. రెటీనా, అదే కంటి వెనక చూపునిచ్చే పొర, ఊడుతున్నప్పుడు ఇలాగే ఉంటుంది. తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరు" అన్నారు. నొప్పేమీ లేదు కదండీ అన్నాను. "నొప్పి ఉండదు. అందుకే జనం ఆలస్యం చేస్తారు. మా అన్నయ్య వారం రోజులు ఆగాడు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను తలుపు తాళం వేసి మెట్లు దిగేదాకా ఆయన లైన్లోనే ఉన్నారు.

రెటీనాకు చిరుగు పడి, దాని సందులోంచి కంట్లోని ద్రవం వెనక్కి చేరి, పొర ఊడివస్తోందని డాక్టరు చెప్పారు. చూపుకు నడిబొడ్డు లాంటి మాక్యులా అప్పటికింకా అంటుకునే ఉంది. అది కూడా ఊడిపోయాక ఆపరేషన్ చేస్తే పొర అతుక్కోవచ్చు గానీ చూపు మునుపటంత రాకపోవచ్చునట. నా ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మందకొడి, దానితో అక్షరాలు ఆనవు. నేను ఇన్నేళ్ళుగా చదివిన ప్రతి పేజీ కుడికంటితో చదివిందే. మాస్టారూ, ఆ రాత్రి మీరు వాదనలో నెగ్గాలని చూసి ఉంటే నా చదువు అక్కడితో ఆగిపోయేదేమో. మీకు ఏ మాటల్లో చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

మర్నాడే ఆపరేషన్ జరిగింది. కంటి లోపల ఉండే జెల్లీ లాంటి పదార్థాన్ని తీసేసి, ఆ చోట గాలిలో కలిపిన పర్‌ఫ్లోరోప్రొపేన్ అనే వాయువును నింపారు. అతుకు గట్టిపడేదాకా ఆ వాయువు బుడగ రెటీనాను లోపలి నుంచి అదిమి పెట్టాలి. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. నా చిరుగు కంటికి వెనకవైపు ఉంది. కాబట్టి కంటి వెనకభాగం పైకి రావాలంటే నేను బోర్లా ఉండాలి. గంటకు 50 నిమిషాల చొప్పున, పగలూ రాత్రీ, ఏడు రోజులు. తినడమూ అలాగే, మాట్లాడడమూ అలాగే, నిద్రా అలాగే.

మొదటి రోజు ఆడియో పుస్తకం పెట్టుకున్నాను. మంచి గొంతు, మంచి పుస్తకం. అయినా అరగంటకు మించి వినలేకపోయాను. నేల మీది ఒకే గచ్చు పలకను చూస్తూ పడి ఉన్న మనిషికి, ఎవరికోసమూ ఆగని గొంతు వింటుంటే ఒంటరితనం ఎక్కువవుతుంది. అదే మీతో అన్నాను. సాయంత్రానికల్లా మీరు వంతులు వేసుకున్నారు. తలా ఒక పూట, ఎవరి గొంతుతో వాళ్ళు నాకు పుస్తకం చదివి వినిపించడానికి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఫోను మోగింది, "అక్కా, ఏ పుస్తకం?" అన్నారు, అంతే.

ఆ కాల్‌కి 'ఆన్సిబుల్' అని పేరు పెట్టింది మన క్లబ్బులో రాత్రి డ్యూటీ చేసే తమ్ముడు. నక్షత్రాల మధ్య ఎంత దూరమున్నా మాట తక్షణం చేరే యంత్రానికి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ పెట్టిన పేరది. 1966లో వచ్చిన ఆమె మొదటి నవలలోనే ఉంది. తర్వాత ఎందరో రచయితలు ఆ మాటను అరువు తెచ్చుకుని సొంతం చేసుకున్నారు. మీలో ఒకరికి పగలైతే ఇంకొకరికి అర్ధరాత్రి. నాకు ఏ వేళకు మెలకువ వచ్చినా ఎవరో ఒకరు మేలుకునే ఉండేవారు. పేరు భలే కుదిరింది తమ్ముడూ.

చదివినదానికంటే మధ్యలో ఆగి మాట్లాడుకున్నదే ఎక్కువ. నాకు బలమిచ్చింది కూడా ఆ ఆగడమే. పోలిష్ రచయిత స్టానిస్వాఫ్ లెమ్ రాసిన 'సోలారిస్' మొదలుపెట్టినప్పుడు మొదటి పేజీ దాటడానికి గంట పట్టింది. పోలిష్‌లో 1961లో వచ్చిన ఆ నవల ఇంగ్లీషులోకి 1970లో ఫ్రెంచి అనువాదం మీదుగా వచ్చిందని, నేరుగా పోలిష్ నుంచి చేసిన అనువాదం 2011లో, అదీ ముందుగా ఆడియోగానే బయటికొచ్చిందని ఒకరు చెప్పారు. "అయితే ఇది వినాల్సిన పుస్తకమే" అని ఇంకొకరు. గ్రహమంతా పరుచుకున్న ఆ సముద్రం గురించి వింటున్నంతసేపూ నా కుడికంట్లో కూడా వెండిరంగు నీరేదో కదులుతూనే ఉంది. ఆ పుస్తకాన్ని నేను అంత దగ్గరగా ఇంకెప్పుడూ చదవలేనేమో.

కానీ నా మనసంతా 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' దగ్గరే ఉండిపోయింది. 1969 నాటి ఆ లెగ్విన్ నవల మనలో చాలామంది ఒకటికి రెండుసార్లు చదివిందే. అనువాదాలంటే ప్రాణం పెట్టే అక్క దాన్ని అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ చదువుతానంది. మొదటి అధ్యాయంలోనే చిక్కు వచ్చిపడింది. గెథెన్ గ్రహం మీది మనుషులు ఎప్పుడూ మగా కాదు, ఆడా కాదు. నెలలో కొద్ది రోజులు మాత్రమే ఏదో ఒకటి అవుతారు. లెగ్విన్ వాళ్ళకు ఇంగ్లీషులో మగ సర్వనామమే వాడారు, తర్వాతి కాలంలో తన ఎంపికను తానే ప్రశ్నించుకున్నారు కూడా. మరి తెలుగులో ఆ గ్రహపు ముఖ్యపాత్ర ఎస్ట్రావెన్ వచ్చాడా, వచ్చిందా? 'తను' అందామంటే, తను వచ్చాడో వచ్చిందో క్రియ దగ్గరికి రాగానే గుట్టు బయటపడిపోతుంది.

ఆ పూట కథ పది వాక్యాలు కూడా జరగలేదు, మాట మాత్రం రెండు గంటలు సాగింది. ఎస్ట్రావెన్ దేశానికి ప్రధానమంత్రి కదా, పైగా కథ చెప్పే జెన్లీ ఐకి మొదట్లో ఆ మనిషి మీద నమ్మకం లేదు కదా, అందుకని 'ఎస్ట్రావెన్ గారు వచ్చారు' అంటే సరిపోతుందని మాస్టారు అన్నారు. మర్యాదా దక్కింది, దూరమూ దక్కింది, ఆడామగా తేడా కూడా కనబడలేదు. సగం పుస్తకం అలా హాయిగా నడిచిపోయింది. తీరా ఇద్దరూ మంచుమైదానం మీద బండి లాగుతూ, ఒకే గుడారంలో పడుకుంటున్న చోటికి వచ్చేసరికి 'గారు' గొంతుకు అడ్డంపడింది. అన్ని రోజులు పక్కపక్కన నడిచిన మనిషిని 'వచ్చారు' అనడం మా ఎవరికీ మనసొప్పలేదు. అప్పుడు కొత్తగా చేరిన అమ్మాయి, అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని పిల్ల, మెల్లగా అంది: "అక్కా, నువ్వు అనొచ్చేమో. నువ్వు వచ్చావు అంటే ఆడో మగో తెలియదు కదా."

ఎంత చక్కటి మాట! తెలుగులో నేనుకూ నువ్వుకూ ఆడామగా లేదు. ఆ తేడా మన ఎదుట లేని మనిషి గురించి చెప్పేటప్పుడే వస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి నేను ఏనాడూ గమనించలేదు. ఆ తర్వాత అక్క ఆ ప్రయాణమంతా జెన్లీ తన తోడుతో మాట్లాడుతున్నట్టే చెప్పింది. 'నువ్వు పొయ్యి వెలిగించావు. నువ్వు మంచు మీద కర్ర ఆనించి చూశావు.' నీడ అనేదే లేని తెల్లటి వెలుగులో అడుగు ఎక్కడ వేయాలో తెలియక ఇద్దరూ నిలబడిపోయే చోట నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. బోర్లా పడుకున్న మనిషి ఏడిస్తే కన్నీళ్ళు చెంపల మీదికి రావు, నేరుగా గచ్చు మీద పడతాయి. నవల చదివినవాళ్ళకు తెలుసు, ఆ 'నువ్వు' చివరికొచ్చేసరికి ఎంత బరువెక్కుతుందో. చదవనివాళ్ళ కోసం ఇక్కడితో ఆపుతున్నాను. స్పాయిలర్లు చెప్పకూడదన్నది మన క్లబ్బులో అందరం మనస్ఫూర్తిగా పాటించే కట్టుబాటు.

అక్కా, నువ్వు దాన్ని రికార్డు చేయలేదని తర్వాత తెలిసింది. మళ్ళీ చెప్పమని అడగను. అది ఆ వారానిదే.

ఇంకో రాత్రి సంగతి కూడా రాయాలి. నిద్ర పట్టక, మెడ పట్టేసి, ఇంక నావల్ల కాదన్న రాత్రి అది. ఏ పెద్ద నవలా వద్దన్నాను. తమ్ముడు చందమామ సీరియల్ తీశాడు, దాసరి సుబ్రహ్మణ్యం గారి 'రాకాసిలోయ'. ప్రతి భాగం దగ్గరా ఆగి, చిత్రకారుడు 'చిత్ర' గారి బొమ్మలో ఏముందో చెప్పుకుంటూ పోయాడు. ఏ రంగు ఎక్కడుంది, ఎవరి చెయ్యి ఎటు చాచి ఉంది, కొండ వెనక ఏం తొంగి చూస్తోంది. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీకో కథ చెబుతూ గోపడిని కాశీదాకా నడిపించుకెళ్ళినట్టు, నన్ను ఆ రాత్రిలోంచి తెల్లారేదాకా నడిపించాడు. అవతల డ్యూటీ ముగించుకుని నిద్ర మానుకుని మరీ చదివాడని నాకు వారం తర్వాత గానీ తెలియలేదు.

బోర్లా ఉండడం అయిపోయాక బుడగతో అసలు స్నేహం మొదలైంది. రెండు మూడు వారాలకు అది తగ్గుతూ వచ్చి, చూపులో ఒక గీత కనిపించసాగింది. గీతకు పైన లోకం స్పష్టంగా, కింద వణికే పాదరసంలా. నిజానికి బుడగ కంట్లో పైభాగానే తేలుతుంటుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మనకు కిందున్నట్టు కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే ఆ గీత ఎక్కడికి దిగిందో మీకు చెప్పడం నాకొక పని. దిగంతం, ఆటుపోటు, జంట సూర్యులు, చంద్రుడి అస్తమయం అంటూ మీరు రోజుకో పేరు పెట్టారు. నా జబ్బును మీరు భయంగానూ చూడలేదు, జాలిగానూ చూడలేదు. ఇంతవరకూ ఎవరూ దిగని గ్రహాన్ని చూసినట్టు చూశారు. నేనూ అలాగే చూడడం నేర్చుకున్నాను.

చివరగా మన కలయిక సంగతి. ఇన్నేళ్ళకు అందరం ఒకచోట కలుద్దామని టికెట్లు కూడా కొనుక్కున్నాం. కంట్లో వాయువు ఉండగా విమానం ఎక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆకాశంలో విమానం లోపలి గాలి పీడనం దాదాపు 2,400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉన్నంతకు పడిపోగలదు. పీడనం తగ్గితే బుడగ ఉబ్బుతుంది, కంటి లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగితే చూపే పోవచ్చు. మీరు కలవండి, నేను ఫోన్లో చూస్తానన్నాను. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. సెలవులు మార్చుకున్నారు, టికెట్లు వదులుకున్నారు. ఎవరికెంత నష్టం వచ్చిందో అడిగితే మాట మార్చి, సిరీస్‌లో మూడో భాగం ఎందుకు తేలిపోతుందన్న చర్చలోకి దిగారు. మాట ఎందుకు మార్చారో నాకు అర్థమైంది. దానికి కూడా ఈ నమస్కారం.

నిన్న డాక్టరు చూశారు. రెటీనా అతుక్కుంది. గీతలు ఇంకా కాస్త వంకరగా కనిపిస్తున్నాయి, నెమ్మదిగా సర్దుకోవచ్చన్నారు. విమానం ఎక్కవచ్చన్నారు. చదువుకోవచ్చన్నారు.

శనివారం 'సుల్తానాస్ డ్రీమ్' అనుకున్నాం కదా. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన చిన్న కథ, మగవాళ్ళు ఇళ్ళల్లో ఉండి ఆడవాళ్ళు సూర్యుడి వేడిని పట్టి దేశాన్ని నడిపే కథ. వంతుల పట్టీలో ఆ రోజుకు ఇంకా ఎవరి పేరూ లేదు. నా పేరు రాయండి. ఈసారి నేను చదువుతాను, మీరు మధ్యమధ్యలో ఆపండి.