మాకూ టీఎల్‌డీ బ్యాడ్జీలు ఇప్పించండి

వైద్య విద్యా సంచాలకులు గారికి,

నమస్కారం సార్. నేను గుంటూరులో రేడియాలజీ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. రోజూ తెనాలి నుంచి రైల్లో వస్తాను.

ఎక్స్‌రే గదిలో మా సీనియర్ టెక్నీషియన్ గారికి రేడియేషన్‌ని అడ్డుకునే లెడ్ (సీసం) ఏప్రన్ కింద, ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జీ ఉంటుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క చెప్పేది అదే. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపుతారు. మాలో ఒక్కరికీ అది లేదు. అడిగితే "మీరు స్టూడెంట్సే కదమ్మా" అన్నారు.

లెడ్ ఏప్రన్లు రెండే. అందులో ఒకటి మడతపెట్టి మడతపెట్టి నడుము దగ్గర పగిలిపోయింది. వాటిని మడవకూడదు, హ్యాంగర్‌కి తగిలించాలి అని మాకు క్లాసులో చెప్పేదే.

మొన్న చెయ్యి విరిగిన చిన్న బాబు వచ్చాడు. కదలకుండా పట్టుకోమని నన్ను నిలబెట్టారు. నిజానికి తోడొచ్చిన పెద్దవాళ్లకు ఏప్రన్ వేసి పట్టుకోమనాలి. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే కాదనలేకపోయాను. ఆ రాత్రంతా టెన్షనే.

ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి) ప్రకారం ఉద్యోగికి తగిలే రేడియేషన్ ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్‌ని కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. కొలిచే బ్యాడ్జీయే లేకపోతే మా లెక్క ఎవరికి తెలుస్తుంది సార్?

ఈ పని నాకు ప్రాణం. బ్యాడ్జీ ఇచ్చాకే ట్రైనీలను ఎక్స్‌రే గదిలోకి పంపాలని కాలేజీలకు ఆదేశాలివ్వండి. ఏప్రన్లు తనిఖీ చేయించండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని, గుంటూరు