ఎక్సోజోమ్ పరీక్ష వేరు, ఇంజెక్షన్ వేరు

సంపాదకుల వారికి,

నేను పదిహేడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అమ్మకు ఒక క్లినిక్‌లో ‘ఎక్సోజోమ్ ఇంజెక్షన్ వేయించుకోండి, అరిగిన కీలు మళ్లీ బాగవుతుంది’ అన్నారట. అమ్మ ఫోన్‌లో సంబరంగా చెబుతుంటే నాకు భయమేసింది.

ఎక్సోజోమ్‌లు కట్టుకథ కాదు. మన కణాలు బయటికి వదిలే కంటికి కనిపించనంత చిన్న సంచులవి, సైజు 30 నుంచి 150 నానోమీటర్లు. 1983లో వాటిని ఎదుగుతున్న ఎర్ర రక్తకణాల్లో గమనించారు. కణం అక్కర్లేనివి బయట పారేసే దారి అనే చాలాకాలం అనుకున్నారు. వాటిలోని ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల సమాచారాన్ని మోసే పదార్థం) మరో కణంలోకి చేరి పనిచేస్తుందని 2007లో తేలింది. క్యాన్సర్ కణాలు కూడా తమ ఆనవాళ్లను ఈ సంచుల్లో రక్తంలోకి, మూత్రంలోకి వదులుతాయి. ఆ ఆనవాళ్లను చూసి, ప్రొస్టేట్ గ్రంథికి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరమా కాదా అని నిర్ణయించుకోవడానికి సాయపడే మూత్ర పరీక్ష ఇప్పటికే ఉంది. బయాప్సీ ముందురోజు రాత్రి మా నాన్నకు టెన్షన్‌తో కంటిమీద కునుకు లేదు. అందుకే ఆ పరీక్ష విలువ నాకు బాగా తెలుసు.

చికిత్స సంగతి అలా కాదు. రక్తంలో ఇంచుమించు అదే సైజులో ఉండే కొవ్వు రేణువుల నుంచి వీటిని శుభ్రంగా వేరుచేయడమే కష్టం. ఒక బ్యాచ్‌లా ఇంకో బ్యాచ్ ఉండదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఇలాంటి ఉత్పత్తులు వాడిన రోగులకు తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చాయని 2019 డిసెంబరులో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తాము ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని కూడా చెప్పింది.

మీ ఆరోగ్య పేజీలో దయచేసి పరీక్షనూ చికిత్సనూ కలిపి రాయకండి. కొత్త చికిత్స గురించి రాసినప్పుడల్లా అది ఎలుకల దశలో ఉందా, మనుషుల మీద ట్రయల్స్ దశకు వచ్చిందా అన్నది మొదటి పేరాలోనే చెప్పండి. మా అమ్మ మీ పేపర్ రోజూ చదువుతుంది.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్