టిన్నులొద్దు బావా, అటుకులు పంపుతాను

పర్లాకిమిడి,
వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజు.

ఒరేయ్ బావా,

తుఫానొస్తే ఇంట్లో ఉండాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన తిండి లిస్టు చూశాను. బీన్స్ టిన్నులు, మొక్కజొన్న టిన్నులు, ట్యూనా చేప టిన్నులు, వేడినీళ్ళు పోస్తే కూరైపోయే పొడి. ఆ పొడి పాతికేళ్ళయినా పాడవదట. పుణెలో పదకొండో అంతస్తులో కూర్చుని, కాశీనగరంలో ఉన్న అత్తయ్యకీ మావయ్యకీ ఇవి ఆర్డరు పెడతానంటావేంట్రా? ఆ టిన్ను మూత తియ్యడానికి అత్తయ్య కత్తిపీట ముందేసుకుని కూర్చుంటుంది. తర్వాత కుట్లేయించిన ఖర్చు కూడా నువ్వే పంపాలి. చేప టిన్ను సంగతి సరేసరి. శనివారం నాడు ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే టిన్నుతో పాటు నీ ఫొటో కూడా వీధిలో పడుతుంది.

ఫోన్లో చెబుదామంటే ఐదు నిమిషాలకే మీటింగంటావు. అందుకే మధ్యాహ్నం కొట్టు తలుపు సగం వేసి, ఖాతా పుస్తకంలోంచి కాగితాలు చింపి రాస్తున్నాను. వెనక వైపు ఎవరి బాకీలైనా కనిపిస్తే చదవకు.

నీ భయంలో తప్పులేదు. మన వైపు తుఫానంటే అక్టోబరే. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా దసరా రోజుల్లో. ఏడాది తిరిగేసరికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు. 1999 నాటి మహా తుఫాను కూడా అక్టోబరు 29నే. మా ఒడిశాలో ఆ తేదీని విపత్తులకి సిద్ధంగా ఉండే రోజుగా జరుపుతారు. మీ ఊరికి వంశధార పక్కనే, మాకు మహేంద్రతనయ. సముద్రం మనకి దూరమే అయినా కొండల మీద కురిసిన వానంతా ఈ రెండు నదుల్లోకే దిగుతుంది కదా. కాబట్టి వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన వారం నుంచి దీపావళి దాకా ఇంట్లో సరుకు ఉండి తీరాలి.

తిత్లీ అప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు. సిగ్గేసింది. కిరాణా కొట్టువాడు పస్తున్నాడంటే ఎవరు మాత్రం నవ్వరు? ఆ రాత్రి వాన అందుకోగానే మా ఇంట్లో పండగ వాతావరణం. పకోడీలు, టీ, మళ్ళీ పకోడీలు, పక్కింటివాళ్ళకో పళ్ళెం. తెల్లారేసరికి సిలిండరు ఖాళీ. రెండోది బుక్ చేసి వారమైనా రాలేదు. కరెంటు పోయింది కాబట్టి ఇండక్షన్ స్టవ్వు అలంకారానికే. కొట్టు వెనక గదిలోకి జానెడు నీళ్ళొచ్చి కింది వరస బస్తాలన్నీ నానిపోయాయి. మూడో రోజుకి ఆ బియ్యం కల్లు కుండలా వాసనేసింది. పై వరసలో బియ్యం ఉంది, కందిపప్పు ఉంది, గోధుమ పిండి, నూనె డబ్బాలు ఉన్నాయి. వాటిలో పొయ్యి లేకుండా నోట్లో వేసుకునేది ఒక్కటీ లేదు. బిస్కెట్లు, బ్రెడ్డు ముందురోజు సాయంత్రమే ఆఖరి పాకెట్ దాకా నేనే అమ్మేశాను, మంచి బేరమని మురిసిపోతూ.

రెండో రోజు మధ్యాహ్నం ఎదురింటి మావుసి (ఒడియాలో పిన్ని) గొడుగేసుకుని వచ్చి గుమ్మంలో స్టీలు డబ్బా పెట్టి వెళ్ళింది. చూస్తే మందం అటుకులు, వాళ్ళ చుడా. పైన కాగితంలో చుట్టిన బెల్లం గడ్డ. మా పెరట్లో కొబ్బరి చెట్టు అప్పటికే గోడ మీద పడి ఉంది, కాయలకి కొదవలేదు. మా ఆవిడ అటుకుల మీద నీళ్ళు చిలకరించి మూత పెట్టి, కొబ్బరి తురిమి, బెల్లం నలిపి కలిపింది. మామూలు రోజుల్లో అటుకులు పెడితే కంచం అవతలికి తోసే మా చిన్నది మూడుసార్లు వేయించుకుంది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే లెక్క. ఆపదలో పనికొచ్చే తిండికి ముందు చూడాల్సింది ఎన్నేళ్ళు నిలవుంటుందని కాదు, దానికి నిప్పు కావాలా, ఎన్ని నీళ్ళు కావాలి అని. అటుకులు ఆ రెండిట్లోనూ గెలుస్తాయి. వడ్లు నానబెట్టి, వేపి, వేడి మీదే అణగ్గొడతారు కాబట్టి అది అప్పటికే సగం వండిన తిండి. తుఫాను షెల్టర్లలో కూడా ముందు పంచేది చుడా, బెల్లమే కదా. అయితే పల్చటివి కొనకు, డబ్బాలో అడుగున పొడైపోతాయి. మందంవి తీసుకుని, ఒక ఎండ చూపించి, బిగుతు మూత ఉన్న డబ్బాలో పోస్తే మూడు నాలుగు నెలలు ఢోకా లేదు. మరమరాలు నాకూ ఇష్టమే గానీ గోనెడు తెచ్చినా గుప్పెడు బలం ఉండదు. పైగా పాకెట్ విప్పిన రాత్రికే మెత్తబడతాయి.

రెండోది సత్తు పిండి. ఇక్కడ అంగన్‌వాడీల్లో ఛతువా అని ఇళ్ళకిచ్చేది ఆ జాతిదే. గోధుమలు, సెనగలు, పల్లీలు వేపి పట్టించుకుంటే చాలు, నీళ్ళలోనో మజ్జిగలోనో కలుపుకుని తాగెయ్యొచ్చు. పల్లీల వంతు మాత్రం తగ్గించాలి, వాటిలో నూనె ఉంటుంది కాబట్టి రెండో నెలకే పాత వాసన తగులుతుంది.

ఇక ఆవకాయ. నీళ్ళొచ్చిన రాత్రి మా అమ్మ ముందు కాపాడింది టీవీని కాదు, నన్నూ కాదు, జాడీని. నడుం నొప్పని రోజూ మూలిగే మనిషి, ఐదు కిలోల జాడీని చంటిపిల్లలా ఎత్తుకుని అటకెక్కించింది. మర్నాడు దించినప్పుడు చూశాను. ముందు చేతులు తుడుచుకుంది, తర్వాత గరిటె తుడిచింది, చాలదని దాన్ని చీర చెంగుతో మళ్ళీ తుడిచింది. వాసెన గుడ్డ విప్పితే ముక్కలు కనిపించవు, పైన వేలెడు ఎర్రటి నూనె. గరిటెతో ఆ నూనెని పక్కకి జరిపి, కింద నుంచి నాలుగు బద్దలు తీసి, నూనె మళ్ళీ కమ్ముకునేదాకా ఆగి, అప్పుడు గుడ్డ కట్టింది. ఉప్పు ముక్కలో నీటిని లాగేస్తుంది, పైనున్న నూనె గాలిని ఆపుతుంది. ఇంక బూజుకి బతుకెక్కడిది? ఒక్క తడి గరిటె చాలు, ఏడాది కష్టం పోతుంది. అందుకే ఆవిడ ఆ జాడీ మూత మా ఆవిడ చేతికి కూడా ఇవ్వదు. ఆ గొడవ ఇంకో ఉత్తరమంత ఉంది, ఇప్పుడు వద్దులే.

మావయ్యకి బీపీ కాబట్టి ఆవకాయ పూటకొక చిన్న బద్ద చాలు. ఊరమిరపకాయలు, అప్పడాలు కూడా ఉప్పే. పైగా వాటికి నూనె, పొయ్యి కావాలి. బరంపురం అప్పడాలంటే నువ్వు ప్రాణం పెడతావని తెలుసు, కానీ అవి తుఫాను సరుకు కాదు, తుఫాను తగ్గాక సంబరానికి. అత్తయ్యకి షుగరు కదా, అందుకని ఆవిడ వాటాలో బెల్లం తగ్గించి వేపిన సెనగలు, చోడి (రాగి) పిండి పెడతాను. చోడి అంబలికి నిప్పు కావాల్సిందే. కానీ ఒకసారి కాస్తే మర్నాడు పొద్దున్న పులిసినా తాగేస్తారు, వాళ్ళకది అలవాటే.

అన్నం సంగతీ అంతే. గ్యాసు కొంచెమే ఉన్నప్పుడు పొద్దున్న ఒకేసారి వండి, తినగా మిగిలిన దాంట్లో నీళ్ళు పోసి మూత పెడితే మర్నాటికి తరవాణి. మావుసి వాళ్ళు పఖాళ అంటారు. ఒక వంటతో రెండు రోజులు గడుస్తాయి. అయితే అందులో పోసేవి కాచిన నీళ్ళో, క్లోరిన్ బిళ్ళ వేసినవో అయి ఉండాలి, వరద ముంచిన నుయ్యి నీళ్ళు కాదు. బియ్యంలో ఉప్పుడు బియ్యానికి పురుగు తొందరగా పట్టదు, వడ్లనే ఉడికించి ఆరబెట్టి ఆడిస్తారు కాబట్టి గింజ గట్టిపడుతుంది. కానీ అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, గ్యాసూ ఎక్కువే. అందుకే మీ ఇంటికి సగం సగం. కందిపప్పుకి ఆముదం రాసి ఎండబెట్టడం అత్తయ్యకి నేను నేర్పేదేముంది, ఆవిడే నాకు నేర్పాలి.

కూరగాయల్లో తియ్య గుమ్మడికాయని మించింది లేదు. తొడిమ ఊడకుండా ఉన్న కాయని ఉట్టిలో వేలాడదీస్తే సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది. కంద కూడా నేల తగలకుండా పెడితే నిలవుంటుంది. ఫ్రిజ్‌లో నింపిన కూరలన్నీ కరెంటు పోయిన రెండో రోజుకి పెంటకుప్పకే.

హెచ్చరిక వచ్చిన రోజు మా కొట్టు చూడాలి నువ్వు. ముందు కొవ్వొత్తులు పోతాయి, తర్వాత బ్రెడ్డు, నూడుల్స్, తర్వాత బంగాళాదుంపలు. బ్రెడ్డు నాలుగో రోజుకి బూజు పడుతుంది. నూడుల్స్‌కి నీళ్ళూ నిప్పూ రెండూ కావాలి. అటుకులు అడిగేవాళ్ళు పదిమందిలో ఇద్దరే, ఆ ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. అగ్గిపెట్టెలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. డజను పెట్టెలు కొని, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకోమను. చెమ్మ పట్టిన అగ్గిపుల్ల గీస్తుంటే వచ్చే కోపం ఉంది చూశావా, భార్యాభర్తల మధ్య చిచ్చు పెట్టడానికి ఆ ఒక్కటి చాలు.

మా వ్యాపార రహస్యం ఒకటి చెప్తాను, ఉచితంగా. కొత్త సరుకు రాగానే మేం దాన్ని వెనక్కి తోసి పాతది ముందుకి లాగుతాం. ఇంట్లో కూడా అంతే చెయ్యాలి. తుఫాను కోసమని వేరే డబ్బా కట్టి మంచం కింద దాచి మర్చిపోతే, అవసరం వచ్చేనాటికి తెరిస్తే పురుగులే. వారం వారం తింటూ, తిన్నంత మళ్ళీ నింపుతూ ఉండాలి. నీ టిన్నుల మీద నాకున్న అసలు పేచీ ఇదే. అవి ఎవరూ తినరు, కాబట్టి ఎవరూ చూడరు.

ఇద్దరికి వారానికి నేను వేసిన లెక్క ఇది. మందం అటుకులు మూడు కిలోలు, సత్తు పిండి రెండు, వేపిన సెనగలు ఒకటి, బెల్లం అరకిలో, బియ్యం ఐదు, పప్పు కిలో, రెండు గుమ్మడికాయలు. తాగే నీళ్ళు మనిషికి రోజుకి మూడు లీటర్లు, అంటే వారానికి ఇద్దరికీ 42. 20 లీటర్ల క్యాన్లు రెండు నిండుగా, పైన ఇంకో రెండు లీటర్లు. వాన ముందు రోజే బిందెలు, బకెట్లు కూడా నింపుకోమను, వాడుకకి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పాకెట్లు ఓ పది. అవి అయిపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, పైకి పోగు లేకుండా. వీటితో పాటు వాళ్ళ బీపీ, షుగరు మాత్రలు నెల రోజులకి సరిపడా. అవి మాత్రం నువ్వే కొనాలి, నా కొట్లో దొరకవు.

అన్నీ బల్ల మీదో అటక మీదో పెట్టిస్తాను, నేల మీద ఒక్కటీ ఉంచను. నా నానిన బస్తాలు నేర్పిన చదువది.

నువ్వు దసరాకి రానంటున్నావు కాబట్టి వచ్చే ఆదివారం నేనే బండి మీద కాశీనగరం వెళ్ళి ఇచ్చి వస్తాను. డబ్బులు దీపావళికి ఇద్దువు, వడ్డీ కింద చకోడీలు తే. ఈలోగా ఒక్క సంగతి అత్తయ్యని అడిగి రాయి. మావయ్య కట్టుడు పళ్ళు పెట్టుకుంటున్నారా, లేక ఇంకా గూట్లోనే ఉన్నాయా? సెనగలు అలాగే పంపాలా, పిండి పట్టించాలా అన్నది అది తేలితే గానీ మిల్లుకి వెళ్ళను.

నీ
కిమిడి కొట్టువాడు

తా.క.: టిన్నులన్నీ మానెయ్యి గానీ, నీ లిస్టులో పాలపొడి డబ్బా కనిపించింది, దాన్ని ఉంచెయ్యి. పాలవాడు నది దాటి రాలేని రోజున మావయ్యకి టీ పడకపోతే తుఫాను కంటే ఆయనే ఎక్కువ.