ఆ పన్నెండు వేలు దాచుకో

మిల్వాకీ

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. మేమంతా ఇక్కడ క్షేమం. మీరందరూ అక్కడ క్షేమమని తలుస్తాను.

సెలవులకు వచ్చేటప్పుడు మేనల్లుడి కోసం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే, పాత్రలు వేసుకుని కథ నడిపే ఆట పుస్తకాలు మూడూ తెమ్మని రాశావు. ఒక్కో పుస్తకం వెల 50 డాలర్లు. మూడూ కలిపితే మన రూపాయల్లో పన్నెండు వేల పైమాటే. తేవడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, ఈ ఆట ఒక్కసారి కూడా ఆడని పదో తరగతి పిల్లలకు అవి అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. అదే వంశానికి చెందిన ‘బేసిక్ ఫాంటసీ’ అనే ఆట ఒకటుంది. దాని నియమాల పుస్తకం పీడీఎఫ్ రూపంలో పూర్తిగా ఉచితం. ఇక్కడి గ్రంథాలయంలో శనివారాలు మేం కొందరం కలిసి ఆడేది అదే కాబట్టి, చూసిన సంగతే చెబుతున్నాను.

ఈ ఆటలకు పుట్టిల్లు మా ఊరికి కారులో గంట దూరంలో ఉన్న లేక్ జెనీవా అనే చిన్న పట్టణం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాలను 1974లో ఒక పెట్టెలో పెట్టి 10 డాలర్లకు అమ్మారు. మొదటి విడత అచ్చువేసింది వెయ్యి ప్రతులే. 1981లో టామ్ మోల్డ్‌వే ఆ నియమాలను పిల్లలకు సైతం అర్థమయ్యేలా తిరగరాశాడు. ఆ తర్వాత కూర్పు వెంట కూర్పు వచ్చి పుస్తకాలు లావెక్కాయి, ఆట అమ్మే కంపెనీ చేతులు మారింది. 2000లో కొత్త యజమానులు నియమాల్లో చాలా భాగాన్ని ఇతరులూ వాడుకోవచ్చునని ఒక లైసెన్సు ఇవ్వగా, దాన్ని ఆసరా చేసుకుని క్రిస్ గోనర్‌మన్ అనే ఆయన 1981 నాటి ఆట తీరుకు దగ్గరగా ఉండేలా ‘బేసిక్ ఫాంటసీ’ని తయారుచేసి 2007లో వెలువరించాడు. 2023 జనవరిలో ఆ లైసెన్సును మార్చబోతున్నారన్న వార్త బయటికి రావడంతో ఆటగాళ్ళలో పెద్ద కలకలం రేగింది. కంపెనీ వెనక్కి తగ్గింది గానీ, గోనర్‌మన్ బృందం మాత్రం ఇకపై ఒకరి దయాదాక్షిణ్యాల మీద బతకడం ఎందుకనుకుని, అరువు తెచ్చుకున్న వాక్యాలన్నిటినీ ఏరివేసి, నాలుగో కూర్పును అదే ఏడాది క్రియేటివ్ కామన్స్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. అందువల్ల ఎవరైనా దాన్ని నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తెలుగులోకి తిప్పి పంచిపెట్టవచ్చు కూడా. మూలకర్త పేరు చెప్పి, చేసిన మార్పులను తెలిపి, మన ప్రతిని కూడా అదే షరతులతో వదిలితే చాలు. అచ్చు పుస్తకం కొనుక్కునే వారి దగ్గర కూడా రచయిత తన వాటా తీసుకోకుండా ముద్రణ ఖర్చుకే ఇస్తున్నాడు.

కనుక నువ్వు చేయవలసిందల్లా ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అమీర్‌పేటలోనో అశోక్‌నగర్‌లోనో ఒక జెరాక్స్ షాపుకు వెళ్ళి, రెండు వైపులా ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించడం. పుస్తకం సుమారు 200 పేజీలు. అదీ ఎక్కువనిపిస్తే పాత్రల తయారీ, మంత్రాలు, పోరాట నియమాలు ఉన్న భాగాలను మాత్రం ప్రింట్ తీయించి, రాక్షసుల జాబితాను ఫోనులోనే ఉంచుకోమను. నిజానికి ఆ జాబితా ఆట నడిపే గేమ్ మాస్టర్ ఒక్కడే చూడాలి. తక్కిన పిల్లలు ముందే చదివేస్తే ఆటలో పస ఉండదు.

ఆట ఎలా సాగుతుందో మరదలికి కూడా అర్థమయ్యేలా చెబుతాను. ఒకరు గేమ్ మాస్టర్. చోటు ఎలా ఉందో, ఎవరు ఎదురుపడ్డారో ఆ పిల్లవాడు వర్ణిస్తాడు. తక్కినవారు తలా ఒక పాత్ర వేసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. పాత్రకు బలం, తెలివి, వివేకం, చురుకుదనం, ఓర్పు, ఆకర్షణ అనే ఆరు గుణాలు ఉంటాయి. ఒక్కోదానికి మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని అదే వరుసలో రాసుకోవాలి. మొన్న మా బల్ల దగ్గర ఒక కొత్త కుర్రాడికి బలం 8, తెలివి 14 వచ్చాయి. యోధుడు కావాలని ఆశపడి వచ్చినవాడు మంత్రగాడయ్యాడు. మంత్రగాడి ప్రాణబలం నాలుగు ముఖాల పాచిక మీద ఆధారపడుతుంది. అతనికి 2 పడింది. గోబ్లిన్ అనే మరుగుజ్జు భూతం ఒక్క వేటు వేస్తే చాలు, కథ ముగిసినట్టే. ఇంత సున్నితమైన ప్రాణంతో ఆడేవాడు తలుపు తోసేముందు చెవి పెట్టి వింటాడు, కర్రతో నేల తడుముతాడు, వీలైతే మాటలతో గట్టెక్కాలని చూస్తాడు. ఎదురుపడిన ప్రతి జీవీ మీదపడి కరవదు. దాని ధోరణి ఎలా ఉందో తేల్చడానికి గేమ్ మాస్టర్ రెండు పాచికలు వేస్తాడు. 8 గానీ అంతకు మించి గానీ పడితే మాటలకు చోటుంటుంది. పిల్లలకు ఈ ఒక్క నియమం నేర్పినా నా ఉద్దేశంలో ఆట సగం వచ్చినట్టే.

కొట్లాట లెక్క కూడా అంత జటిలం కాదు. గోబ్లిన్ కవచం విలువ 14, అంటే దాడి మొత్తం అంతకు చేరితేనే దెబ్బ తగులుతుంది. మొదటి స్థాయి యోధుడికి దాడిలో అదనంగా ఒకటి కలుస్తుంది. కాబట్టి బలం వల్ల వచ్చే లాభమేమీ లేకపోతే ఇరవై ముఖాల పాచిక మీద 13 గానీ ఆపైన గానీ పడాలి. ఎక్కాలు రాని మన చిన్నదానికి కూడా ఈ కూడిక కష్టం కాదు.

పాత్రలు దిగి తిరిగే నేలమాళిగను డంజన్ అంటారు. దాని కోసం ఏ కోటనో ఊహించుకునే పని మనవాళ్ళకు లేదు. గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందన్న కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా. గళ్ళ కాగితం మీద ఆ సొరంగాన్ని గీయమను. కాలం 1687, ఔరంగజేబు సైన్యం కోటను చుట్టుముట్టి నెలలు గడిచాయి, లోపలి నుంచి నలుగురు ఒక రాత్రి సొరంగంలోకి దిగారు. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపించడం మన పిల్లలు చూసే ఉంటారు. సొరంగంలో చేసే ప్రతి చప్పుడూ పైన ఎవరికో వినిపిస్తుందని గేమ్ మాస్టర్ అంటే చాలు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఇక కాగడాల లెక్క చూడు. ఇనుప కవచం తొడిగిన యోధుడు జాగ్రత్తగా చూసుకుంటూ నడిస్తే ఈ ఆటలో పది నిమిషాలకు 60 అడుగులే సాగుతాడు. ఆ లెక్కన ఒక్క కిలోమీటరుకు తొమ్మిది గంటల పైనే పడుతుంది. ఒక్కో కాగడా సుమారు గంట వెలుగుతుంది కాబట్టి తొమ్మిదో పదో కాగడాలు కావాలి. అవన్నీ ఎవరు మోస్తారు, తిరుగు ప్రయాణానికి ఎన్ని మిగలాలి అన్న వాదన మొదలైందంటే పిల్లలు ఆటలో పడ్డారన్నమాట.

పాచికల విషయానికి వస్తే, ఆరు ముఖాలవి లూడో డబ్బాలో ఉంటాయి. ఇరవై ముఖాల పాచికకు బదులు తంబోలా సెట్‌లో 1 నుంచి 20 వరకు బిళ్ళలు తీసి సంచిలో వేసి, ఒకటి తీసి చూసి మళ్ళీ సంచిలోనే వేయమను. 1979 ప్రాంతంలో పాచికలు దొరక్క ఆ అసలు కంపెనీ వారే పెట్టెల్లో నంబర్లు వేసిన అట్టముక్కలు పెట్టి అమ్మారు, కాబట్టి ఇందులో చిన్నతనమేమీ లేదు. ఇంట్లో పాచికలేమిటని అమ్మ కోప్పడవచ్చు. ధర్మరాజు లాగా ఒడ్డడానికి ఇందులో పందెమేమీ ఉండదనీ, గెలిచేవాడూ ఓడేవాడూ లేరనీ, అందరూ ఒకే జట్టనీ ఆవిడకు నిదానంగా చెప్పు.

లోపాలు లేవని అనను. బొమ్మలు అభిమానులు వేసినవి. కొన్ని బాగుంటాయి, కొన్ని చూడలేం. మొదటి స్థాయి మతగురువుకు ఒక్క మంత్రమూ రాదు. దొంగ పాత్ర మరీ అన్యాయం: తాళం తీయగల అవకాశం 25 శాతం, నీడలో దాక్కునే అవకాశం 10 శాతం. పదిసార్లలో తొమ్మిదిసార్లు దొరికిపోయేవాడు దొంగ ఎలా అవుతాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మేం ఆ అంకెలను కొంచెం పెంచుకుని ఆడుతున్నాం. మేనల్లుడు కూడా తన ఇష్టప్రకారం పెంచుకోవచ్చు, అడిగేవారు లేరు.

నలుగురు పిల్లలు చాలు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు చాలు. వాడిని ముందు ఒక రెండు నెలలు ఇలా ఆడనివ్వు. అప్పటికీ ఆ ఖరీదైన పుస్తకాలే కావాలంటే తెస్తాను. అసలైన పాచికల సెట్లు రెండు మాత్రం ఎలాగూ నా పెట్టెలో పెట్టుకుంటాను. నలుగురి కంటే ఎక్కువ మంది ఆడేటట్టయితే ముందుగా ఫోను చేసి చెప్పమను, మూడోది కొంటాను.

మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు. అమ్మకు నమస్కారాలు.

ఇట్లు,
నీ అక్క