ఆ పదమూడో ఇన్నింగ్స్

ఫ్రేమింగ్‌హామ్, మసాచుసెట్స్
అక్టోబరు 3, 2023

చిరంజీవి శశాంక్‌కు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం. ఆదివారం ఫోనులో నా గొంతు అలా ఉందేమని నువ్వు అడిగితే జలుబు అన్నాను. అది నిజం కాదు. ఆ రోజే మన బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌కు ఒకప్పుడు పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, ఆడిన టిమ్ వేక్‌ఫీల్డ్ పోయారని తెలిసింది. మెదడు క్యాన్సర్‌తో 57 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ముఖపరిచయమైనా లేని ఆటగాడి కోసం అమ్మ ఎందుకు ఏడ్చిందో నోటితో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో బేస్‌బాల్ నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. తెనాలిలో మీ మామయ్య పక్కన కూర్చుని క్రికెట్ చూస్తూ పెరిగినదాన్ని కనుక, బంతి ఎంత గిర్రున తిరిగితే అంత మలుపు అన్నదే నాకు తెలిసిన సంగతి. వేక్‌ఫీల్డ్ విసిరే నకల్‌బాల్ దానికి పూర్తిగా వ్యతిరేకం. దాని పేరులో వేళ్ళ కణుపులున్నా, నిజానికి ఆయన గోళ్ళ అంచులను బంతి తోలుకు నొక్కి పట్టి, అది తిరగకుండా ముందుకు తోసేవారు. తిరగని బంతి మీది కుట్లు గాలిని ఒక్కో పక్క ఒక్కోలా చెదరగొట్టడం వల్ల అది ఊగిసలాడుతూ, ఎటు వాలుతుందో విసిరినవారికే తెలియకుండా వస్తుంది. మిగతా పిచర్లు గంటకు 90 మైళ్ళు దాటిస్తుంటే, ఈయన బంతి 65 మైళ్ళ దగ్గర తేలుతూ వచ్చేది. 1988లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఆయనను తీసుకున్నది పిచర్‌గా కాదు, ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డరుగా ఆడించడానికి. బ్యాటుతో రాణించలేక ఈ బంతిని నమ్ముకున్నారు. 1995లో ఆ జట్టు వదిలేస్తే మన రెడ్ సాక్స్ చేరదీసింది, 17 ఏళ్ళు ఇక్కడే ఆడారు.

2003 అక్టోబరులో, న్యూయార్క్ జట్టు యాంకీస్‌తో జరిగిన ఏడు ఆటల సిరీస్‌లో రెండు ఆటలు గెలిపించిన ఆయనే, ఏడో ఆట 11వ ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటు పట్టే విడత, మామూలుగా తొమ్మిదే) వేసిన తొలి బంతిని యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టడంతో ఓటమి మూటగట్టుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది అదే సిరీస్‌లో మళ్ళీ యాంకీసే ఎదురయ్యారు. మూడో ఆటలో మనవాళ్ళు 19-8 తేడాతో చిత్తుగా ఓడుతున్నారు. నాలుగో ఆట మొదలుపెట్టవలసిన వంతు వేక్‌ఫీల్డ్‌ది. అయినా మిగతావారి చేతులు అలసిపోకూడదని, మేనేజర్‌తో తానే చెప్పి, ఆ వంతు వదులుకుని, ఓడిపోతున్న ఆ మూడో ఆటలోనే బంతి అందుకున్నారు. ఆ రాత్రి ఆయన బంతుల మీద యాంకీస్‌కు పరుగులు బాగానే వచ్చాయి. తర్వాతి రెండు సుదీర్ఘమైన ఆటల్లో మనవాళ్ళు నిలబడగలిగింది ఆ త్యాగం వల్లనే అని నేను ఈ రోజుకీ నమ్ముతాను.

అయిదో ఆట అక్టోబరు 18న. నీకప్పుడు మూడో నెల. నాన్నగారు రాత్రి డ్యూటీలో ఉన్నారు, నువ్వు నిద్రపోనంటున్నావు, నిన్ను భుజాన వేసుకుని టీవీ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. 12వ ఇన్నింగ్స్ నుంచి వేక్‌ఫీల్డ్ వేస్తున్నారు. క్యాచర్‌గా, అంటే బ్యాటరు వెనక బంతి పట్టేవాడిగా, ఆ బంతులకు అలవాటుపడిన మిరబెల్లి కాదు, వారిటెక్ ఉన్నారు. 13వ ఇన్నింగ్స్‌లో బంతి వారిటెక్ చేతిలోంచి ఒకటి కాదు, మూడుసార్లు జారింది. యాంకీస్ మనుషులు రెండో బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో ఒకరు నిలబడ్డారు. ఇంకొక్కటి జారితే మూడో బేస్‌లోని మనిషి పరిగెత్తుకొచ్చేస్తాడు, పరుగే. నీ వీపు తడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. వేక్‌ఫీల్డ్ మాత్రం వేరే బంతి జోలికి పోకుండా మళ్ళీ అదే వేసి, రూబెన్ సియెర్రాను అవుట్ చేశారు. 14వ ఇన్నింగ్స్‌లో మన బ్యాటరు ఓర్టిజ్ కొట్టిన దెబ్బతో మనవాళ్ళు గెలిచారు, ఆ నెలాఖరుకు 86 ఏళ్ళ తర్వాత బేస్‌బాల్‌లో అత్యున్నత టైటిల్ అయిన వరల్డ్ సిరీస్ ఈ ఊళ్ళకు వచ్చింది. నేను అరిచిన అరుపుకు నువ్వు ఉలిక్కిపడి ఏడ్చావు.

రెడ్ సాక్స్‌లో ఉండగా వేక్‌ఫీల్డ్‌కు పిచర్‌గా 200వ విజయం ఏడుసార్లు చేజారి, ఎనిమిదోసారి, 2011 సెప్టెంబరులో, 45 ఏళ్ళ వయసులో దక్కింది. క్యాన్సర్ పిల్లల కోసం జిమ్మీ ఫండ్ తరఫున ఆయన ఏళ్ళ తరబడి పాటుపడ్డారు, జబ్బు పిల్లలను ఫెన్‌వే మైదానానికి పిలిపించుకుని వారితో గడిపేవారు. 2010లో, సమాజసేవ చేసే ఆటగాళ్ళకిచ్చే రొబెర్టో క్లెమెంటే అవార్డు అందుకే వచ్చింది. ఆ పిల్లలకొచ్చిన జబ్బే ఆయననూ తీసుకుపోవడం నాకు మింగుడుపడటం లేదు.

థ్యాంక్స్‌గివింగ్‌కు వచ్చినప్పుడు ఆ అయిదో ఆట మొదటినుంచీ పెట్టుకుని చూద్దాం. నాన్నగారు కూడా పూర్తిగా చూడలేదు.

ఆశీస్సులతో,
అమ్మ