మీ పట్టికలో వయసు గడి ఏదండీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. ఒరియా బోర్డు కింద నిలబడి తెలుగులో మాట్లాడుకునే ఊరు మాది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కూడా, కాబట్టి మాట్లాడినట్టే రాస్తాను.

మొన్న మీ ఆరోగ్యం పేజీలో షుగరు పట్టిక వేశారు. మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంటే ఆకుపచ్చ, దాటితే ఎరుపు. ఓ కస్టమరు దాన్ని కత్తిరించి తెచ్చి నా కౌంటరు అద్దానికి అంటించమన్నాడు. అంటించాను గానీ మనసొప్పలేదు. అందులో వయసు గడి లేదు.

మా అప్పకి, అంటే అక్కకి, 78 ఏళ్ళు, షుగరు వచ్చి ఇరవై ఏళ్ళు. తమ్ముడిదే షాపు కాబట్టి మందులకి లోటు లేదు. అదే కొంప ముంచింది. ఆరేళ్ళ కిందటి చీటీ మీద నెలనెలా షుగరుకి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి అటెనొలాల్ నేనే పంపేవాణ్ణి. పాత చీటీతో బయటివాళ్ళు వస్తే డాక్టరుకి చూపించుకుని రమ్మనేవాణ్ణి. సొంత అప్ప దగ్గర ఆ మాట నోట రాలేదు. రెండేళ్ళలో ఆవిడ 56 కిలోల నుంచి 45కి దిగిపోయింది. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే దారం చుట్టుకుంది. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మేమేమో రిపోర్టులో 6.1 చూసి మురిసిపోయాం. సూరత్ నుంచి మేనల్లుడు ఫోన్ చేసినా "అమ్మా, షుగరెంత?" అనేవాడే గానీ గుడి దాకా నడవగలుగుతోందా అని అడిగింది లేదు. నేనూ అడగలేదు లెండి.

పోయిన కార్తీకంలో ఓ సోమవారం. పొద్దున్నే మాత్ర మింగేసి, నక్షత్రాలు చూసేదాకా ఏమీ ముట్టనంది. నాలుగింటికి నేను వెళ్ళేసరికి గడప దగ్గర కూర్చుని వత్తులు చేస్తోంది. చేస్తూనే ఉంది, వత్తి మాత్రం అవడం లేదు. వేళ్ళ మధ్య దూది తడిసి ఉండ కట్టేసింది. జాకెట్టు వీపంతా చెమట. నన్ను చూసి "నాన్నా, వచ్చీసినావేటి?" అంది. మా నాన్న పోయి నలభై ఏళ్ళయింది. పక్షవాతమేమో అని హడలిపోయాను. మిషన్ పెట్టి చూస్తే షుగరు 41. మింగగలుగుతోంది కాబట్టి గ్లూకోజు నీళ్ళు తాగించాం, తేరుకుంది. గంటన్నరకి మళ్ళీ 58. ఈ గ్లిమిపిరైడ్ మాత్రతో అదే చిక్కు. ముసలి కిడ్నీలు దాన్ని తొందరగా బయటికి పంపలేవు, ఒకసారి లేచి కూర్చున్నారని ఊపిరి పీల్చుకోడానికి లేదు. ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉన్నాం.

షుగరు 70 లోపుకి పడితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది అని రోజూ నలుగురికి చెప్పేవాణ్ణి నేనే. అప్పకి వణుకూ లేదు, దడా లేదు. వాటిని అటెనొలాల్ కప్పేస్తుంది, చెమట ఒక్కటే పడుతుంది. పెద్దవాళ్ళలో లో షుగరు చాలాసార్లు తికమక మాటలుగానో, తూలి పడిపోవడంగానో బయటపడుతుంది. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. అంతకుముందు అప్ప రెండుసార్లు పెరట్లో పడింది. అప్పుడు నూతి దగ్గర పాచిని తిట్టుకున్నాం.

డాక్టరు గారు గ్లిమిపిరైడ్ ఆపేశారు. హెచ్‌బీఏ1సీ 8 దాకా ఉన్నా ఫర్వాలేదు, పరగడుపున 90కీ 150కీ మధ్య ఉంటే చాలన్నారు. ఇది ఆయన సొంత లెక్క కాదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ళ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆరోగ్యంగా తిరిగే పెద్దవాళ్ళకి 7 నుంచి 7.5 లోపు, చాలా జబ్బులతో పనులకి ఇబ్బంది పడేవాళ్ళకి 8 లోపు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నవాళ్ళకైతే ఆ అంకె వెంట పడొద్దంటారు, షుగరు పడిపోకుండా, మరీ పెరిగి బాధపెట్టకుండా చూస్తే చాలట. గుండె జబ్బు ముప్పున్న 10,251 మంది షుగరు రోగులతో అమెరికా, కెనడాల్లో చేసిన అకార్డ్ అధ్యయనంలో, అంకెని 6 లోపుకి తేవాలని గట్టిగా మందులిచ్చిన గుంపులో చావులు ఎక్కువయ్యాయి. ఆ వైద్యాన్ని 2008లో మధ్యలోనే ఆపేశారు.

తిండి విషయంలోనూ మాదే తప్పు. షుగరని అన్నం తగ్గించాం, పప్పు పలచన చేశాం, పూటపూటా చోడి (రాగి) అంబలే. ఒంట్లో చక్కెరని ఎక్కువగా వాడుకునేది కండ. ఆ కండే కరిగిపోయింది. ఇప్పుడు ముద్దపప్పు, గుడ్డు పెడుతున్నాం. రోజూ రెండుపూటలా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నారు. మొదట్లో రెండుసార్లు కూడా లేవలేకపోయింది, ఇప్పుడు ఏడుసార్లు లేస్తోంది.

అలాగని నా ఉత్తరం చదివి మాత్రలు మానేస్తామంటే ఒప్పుకోను. 300 దాటితే ఆ షుగరే ఒంట్లో నీరంతా తోడేసి మనిషిని మంచాన పడేస్తుంది. డెబ్బై ఐదు దాటి, బరువు తగ్గి, నడక మందగించిన అమ్మానాన్నలుంటే పాత చీటీ డాక్టరు ముందు పెట్టి, ఇందులో ఏది తగ్గించొచ్చని అడగమంటున్నాను. ఉపవాసాలకి ముందైతే తప్పకుండా.

మీరు ఆ పట్టికని వయసు గడితో మళ్ళీ వేయండి. వేసేదాకా నా కౌంటరు అద్దం మీదున్న పట్టిక పక్కన బాల్‌పెన్నుతో "75 దాటినవాళ్ళకి ఇది కాదు, డాక్టరుని అడగండి" అని తెలుగులోనూ ఒరియాలోనూ రాసి పెట్టాను. అప్ప ఈ కార్తీకానికీ ఉపవాసం ఉంటానంటోంది. ఆ తగువు ఇంకా తెగలేదు.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా