రీడింగు దిద్దే అలవాటు కాలేజీ ల్యాబ్‌లోనే పడుతోంది

సంపాదకులకు నమస్కారం.

పరిశ్రమల్లో కెమిస్టుగా స్థిరపడాలనుకునే విద్యార్థులకు సలహాలిస్తూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఏ పరికరాలపై శిక్షణ పొందాలి, ఏ సర్టిఫికెట్ కోర్సు చేయాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి అన్నవి అందులో వివరంగానే ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. అయితే ముప్పై ఏళ్లకు పైగా నాణ్యత నియంత్రణ (క్యూసీ) విభాగంలో పనిచేసి, కొత్త పట్టభద్రులను ఎందరినో ఇంటర్వ్యూ చేసి, వారిలో చాలామందికి మొదటి ఏడాది పని నేర్పినవాడిగా, ఆ వ్యాసం తాకని ఒక సంగతిని మీ పాఠకుల ముందు, ముఖ్యంగా పాఠ్యప్రణాళికలు తయారుచేసే పెద్దల ముందు ఉంచదలిచాను. రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలకు మార్కులు వేస్తున్న పద్ధతి, పరిశ్రమలో అడుగుపెట్టిన రోజునే మాన్పించవలసిన ఒక అలవాటును పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పి పంపుతోంది.

ఇంటర్వ్యూకు వచ్చినవారందరినీ నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ని: “మీరు చేసిన ఏదైనా టైట్రేషన్‌లో మూడు రీడింగులు ఎంతెంత వచ్చాయి?” చాలామంది తడుముకోకుండా 10.2, 10.2, 10.2 అని చెప్పేవారు. టైట్రేషన్ అంటే బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని మరో ద్రావణంలోకి రంగు మారేదాకా చుక్కచుక్కగా వదిలి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడడం. ఆ బ్యూరెట్ నుంచి పడే ఒక్క చుక్కే దాదాపు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. లేత గులాబీ రంగు ఎక్కడ నిలిచిందో తేల్చేది మనిషి కన్ను. అలాంటప్పుడు మూడు రీడింగులూ ఎప్పుడో ఒకసారి కలిస్తే కలవవచ్చు గానీ, ప్రతి ప్రయోగంలోనూ, ప్రతి విద్యార్థికీ కలుస్తున్నాయంటే అవి బ్యూరెట్‌లో చూసి రాసినవి కావు. కాస్త చనువుగా గుచ్చి అడిగితే నవ్వుతూ ఒప్పుకునేవారు: మొదటిది నిజంగా చేస్తారు, మిగతా రెండూ రాసేస్తారు, అదీ కుదరకపోతే పక్కవాడి విలువ కనుక్కుని, గాఢత నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగు తెచ్చుకుంటారు. ఇది మోసమన్న ఆలోచన వారికి రాదు. ఎందుకు వస్తుంది? ఎగ్జామినర్ దగ్గరున్న విలువకు తమ విలువ ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు వస్తాయని, కొట్టివేతలు లేని రికార్డే మంచి రికార్డని మొదటి ఏడాది నుంచీ వారికి మనమే చెప్పాం.

ఒక అమ్మాయి మాత్రం 10.9, 10.3, 10.3 అని చెప్పింది. మొదటిది అంత ఎక్కువగా ఎందుకు వచ్చిందని అడిగితే, బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉండిపోయిందని, ద్రావణం వదులుతున్నప్పుడు అది బయటికి పోవడం తాను చూశానని, అందుకే ఆ రీడింగును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన కారణం రాసి, మిగతా రెండింటినే లెక్కలోకి తీసుకున్నానని వివరించింది. రికార్డులో కొట్టివేత ఉన్నందుకు తనకు రెండు మార్కులు తగ్గించారని కూడా చెప్పింది. పరిశ్రమలో రాసే ప్రతి కాగితం మీదా తప్పు దిద్దవలసిన పద్ధతి సరిగ్గా అదే: కింది అంకె కనిపించేలా ఒక్క గీత, కారణం, సంతకం, తేదీ. ఎవరూ నేర్పకుండానే ఆ అమ్మాయి అందులో చాలావరకు చేసింది, చేసినందుకు మార్కులు పోగొట్టుకుంది. ఆ రోజు మేము ఉద్యోగమిచ్చింది ఆ అమ్మాయికి మాత్రమే.

ఇది చాదస్తమని కొందరికి అనిపించవచ్చు. నా విభాగంలో కొత్తగా చేరిన ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. ఒక బ్యాచ్‌లో అసలు పదార్థం ఎంత శాతం ఉందో చూసే పరీక్షలో 98.0 నుంచి 102.0 శాతం మధ్య రావలసిన విలువ అతనికి 97.6 వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ తూచాడు, మళ్లీ హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఇంజెక్ట్ చేశాడు; నాలుగోసారి 98.1 రాగానే దాన్ని ఫలితంగా రాసి పంపాడు. ఏ పని ఎప్పుడు జరిగిందో కంప్యూటర్ తనంతట తానే రాసుకునే చిట్టాలో, అంటే ఆడిట్ ట్రెయిల్‌లో, నాలుగు ఇంజెక్షన్లూ గంటా నిమిషాలతో సహా ఉన్నాయి. పిలిచి అడిగితే, “తప్పు నాదే అయ్యుంటుంది అనుకున్నాను సార్” అన్నాడు, నిజాయితీగానే అన్నాడు. విచారిస్తే తప్పు అతనిది కాదు. డ్రయ్యర్‌లో వాక్యూమ్ సరిగా నిలవక పదార్థంలో తేమ మిగిలిపోయింది. అతని మొదటి రీడింగే నిజం చెప్పింది, దాన్ని అతనే నమ్మలేదు. జవాబు ముందే తెలిసిన ప్రయోగాలు చేసిచేసి, అంకె తేడాగా వస్తే తన చేతినే అనుమానించడం అతనికి అలవాటైపోయింది.

ఫలితం బాగా వచ్చేదాకా పరీక్షిస్తూ పోవడం చట్టం దృష్టిలో చిన్న విషయం కాదు. బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో 1993లో అమెరికా ఫెడరల్ కోర్టు, పరిమితికి బయట వచ్చిన ఫలితాన్ని కారణం తేల్చకుండా మరో పరీక్షతో చెరిపేయడానికి వీల్లేదని తేల్చిచెప్పింది. ఎలక్ట్రానిక్ రికార్డులకు ఆడిట్ ట్రెయిల్ ఉండాలన్న నిబంధనను అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చింది. పరిమితి దాటిన ఫలితాలను ఎలా విచారించాలో 2006లో మార్గదర్శకాలిచ్చింది. ఎగుమతులు చేసే ఏ మందుల ప్లాంటులోనైనా ఇవి రోజువారీ మాటలు. మూడేళ్లు, ఐదేళ్లు రసాయనశాస్త్రం చదివి వచ్చినవారిలో వీటి పేరైనా విన్నవారు నాకు అరుదుగా తగిలారు.

జవాబు ముందే తెలిసిన చదువుకు ఇంకో నష్టం ఉంది. ఫ్లాస్కులో ఏం తయారైందో, దిగుబడి ఎంతో విద్యార్థి రాస్తాడు. దానితోపాటు ఇంకేం తయారై ఉండవచ్చని ఎవరూ అడగరు. 2018లో వల్సార్టాన్ అనే రక్తపోటు మందును అనేక దేశాల్లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తయారీ పద్ధతిని మార్చినప్పుడు, డీఎంఎఫ్ అనే ద్రావణి నుంచి వచ్చే డైమిథైల్ అమీన్, తయారీలో వాడగా మిగిలిన అజైడ్ అనే రసాయనాన్ని నాశనం చేయడానికి వాడిన నైట్రైట్‌తో ఆమ్లంలో కలిసి, క్యాన్సర్ కారకం కావచ్చని భావించే ఎన్‌డీఎంఏగా మారింది. డిగ్రీ పుస్తకంలో అమీన్ల అధ్యాయం చదివిన ఎవరికైనా ఈ చర్య తెలిసినదే. దాని కోసం వెతకాలని తోచకపోవడం వల్ల మామూలు పరీక్షల్లో అది ఏళ్ల తరబడి కనిపించలేదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది వేడి సంగతి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న సంస్థ, పెట్రోలులో కలిపే మాంగనీస్ సమ్మేళనాన్ని తయారుచేసేది. యజమానులిద్దరిలో ఒకరు కెమిస్టు, ఇంకొకరు కెమికల్ ఇంజినీరు. ఒక లీటరు పాత్రలో ప్రయోగాలు చేసి చూసుకుని, తరువాత దాదాపు 9,300 లీటర్ల రియాక్టర్‌లో తయారీ సాగించారు. ఆకారం మారకుండా పాత్రను అంత పెంచితే, ఒక్కో లీటరు ద్రవం తన వేడిని వదులుకోవడానికి దొరికే గోడ వైశాల్యం ఇరవై ఒకటో వంతుకు పడిపోతుంది; ఘనపరిమాణం ఘనంలో పెరుగుతుంటే ఉపరితలం వర్గంలోనే పెరుగుతుందన్నది హైస్కూలు లెక్కే. 2007 డిసెంబరు 19న, 175వ బ్యాచ్ నడుస్తుండగా చల్లబరిచే నీరు అందలేదు. వేడి పెరిగేకొద్దీ, సోడియానికీ డైగ్లైమ్ ద్రావణికీ మధ్య యజమానులు ఊహించని రెండో చర్య మొదలైంది. ఆ పేలుడులో నలుగురు చనిపోయారు. 32 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో ఇంజినీరైన యజమాని కూడా ఉన్నాడు. దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు 2009 నివేదికలో, చర్యల్లో పుట్టే ఇలాంటి ప్రమాదాలను కెమికల్ ఇంజినీరింగ్ పాఠ్యప్రణాళికలోనే చేర్చాలని సిఫారసు చేసింది. కెమిస్టుల చదువుకూ ఆ సిఫారసు అంతే వర్తిస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే ప్లాంటులోకి వెళ్లే పద్ధతిని మొదట కాగితం మీద రాసేది కెమిస్టే. “చల్లబరచడం ఆగిపోతే ఉష్ణోగ్రత ఎంతవరకు పోతుంది?” అన్న ప్రశ్న వేయకుండానే ఎమ్మెస్సీ ప్రాజెక్టు పూర్తి చేయగలగడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అరవై మంది విద్యార్థులకు మూడు గంటల్లో పరీక్ష పెట్టి, ఒక్కొక్కరి నోట్‌బుక్కు చూసే తీరిక మాకెక్కడిదని అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు తోచిన మార్గం, ప్రయోగాల సంఖ్యను సగానికి తగ్గించి, చేసినవాటిని పూర్తిగా చేయించడం. పరికరాలు వాడడం మేము మూడు నెలల్లో నేర్పగలం. హెచ్‌పీఎల్‌సీని కాలేజీలో ముట్టుకోలేదన్న కారణంతో నేను ఎవరినీ తిప్పి పంపలేదు. రీడింగు దిద్దే అలవాటు మాన్పించడానికి మాత్రం కొందరి విషయంలో రెండేళ్లు పట్టింది, ఇద్దరు ముగ్గురి విషయంలో నేను ఓడిపోయాను.

కాబట్టి విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలు ఈ మార్పులను పరిశీలించాలని కోరుతున్నాను. పరీక్షలో ఒక్కో విద్యార్థికి ఒక్కో గాఢత ఉన్న ద్రావణం ఇవ్వాలి. పేజీలకు నంబర్లు వేసి కుట్టిన నోట్‌బుక్కులో రీడింగులను అప్పటికప్పుడు పెన్నుతో రాయించి, ఇన్విజిలేటర్ గంటకోసారి సంతకం చేయాలి. సగం మార్కులు ఆ నోట్‌బుక్కుకు, తేడాగా వచ్చిన రీడింగును విద్యార్థి వివరించే తీరుకు కేటాయించాలి. సంశ్లేషణ (ఒక పదార్థాన్ని తయారుచేసే) ప్రయోగం ఏదైనా సరే, ఏయే మలినాలు రావచ్చో, ఎంత వేడి పుడుతుందో రెండు పేరాలు రాయనిదే ఫ్లాస్కు ముట్టుకోనివ్వకూడదు. మొదటి ఏడాది సగటు మార్కులు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

ఈలోగా విద్యార్థులు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. రికార్డు ఎలా అడిగితే అలా రాసి ఇవ్వండి గానీ, మీకంటూ ఒక నోట్‌బుక్కు పెట్టుకుని, వచ్చింది వచ్చినట్టు, కొట్టివేతలతో సహా రాసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి. బల్లకు అవతల నావంటి వాడు కూర్చుని ఉంటే మీ సర్టిఫికెట్ల ఫైలు కంటే ముందు దాన్నే తెరుస్తాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత క్యూసీ కెమిస్టు